కదలని సముద్రం

కెర్‌వోర్,
6 మార్చి 1988

ఎస్తెల్‌కి అత్తయ్య దీవెనలు.

ఇక్కడ నేను కులాసా. మోకాలు అప్పుడప్పుడు సతాయిస్తుంది, దాన్ని నేను పట్టించుకోను. ఎర్వాన్ దగ్గర్నుంచి సింగపూర్ కార్డు ఒకటి వచ్చింది. అక్కడ వాన పడుతోందట. ఓడలో రోజంతా ఇంజన్‌కి సేవలు చేసే మనిషికి కన్నతల్లికి రాయడానికి వాన తప్ప ఇంకేం దొరకలేదు. పెళ్ళానివి, నీకైనా నాలుగు ముక్కలు ఎక్కువ రాస్తున్నాడా?

ఇక ఆగస్టు సంగతి. పైగది తలుపులకి నీలం రంగు వేయించాను. పరుపు ఎండలో వేశాను, అంటే ఎండ వచ్చిన ఆ ఒక్క పూటా. నోల్వెన్ రొయ్యల వల పోయినేడు చిరిగిపోయింది కదా, కొత్తది నేనే అల్లుతున్నాను. పిడి కాస్త పొడుగ్గా పెట్టాను. ఏడేళ్ళ పిల్ల ఏడాదిలో ఎంత ఎదిగి ఉంటుందో ఇక్కడ కూర్చుని ఊహించుకోవడమే నా పనైపోయింది. ఎప్పటిలాగే నెల మొదట్లో వచ్చేసి నెలాఖరు దాకా ఉండండి. ఎర్వాన్ నెల మధ్యలో ఓడ దిగి సరాసరి ఇక్కడికే వస్తాడు.

నేను ఎత్తకపోతే తనకి ఫోన్ చేశావని పక్కింటి మారివోన్ చెప్పింది. నేను ఇంట్లోనే ఉన్నాను, మోగుతుంటే విన్నాను. నాకు ఫోన్ గిట్టదు. అవతలివాళ్ళు పెట్టేస్తే మన మాట సగంలో ఆగిపోతుంది. ఉత్తరమైతే చచ్చినట్టు చివరిదాకా చదవాలి.

పోయినేటి గొడవ నేను ఎప్పుడో మర్చిపోయాను. నువ్వూ మర్చిపోయే ఉంటావు.

నోల్వెన్ బుగ్గలు గట్టిగా గిల్లానని చెప్పు.

అత్తయ్య,
అనాయిగ్


లియోన్,
15 మార్చి 1988

అత్తయ్యగారికి నమస్కారాలు.

తలుపులకి రంగు వేయించారని చదివి బాధేసింది. ఎందుకంటే ఇప్పుడు నేను రాయబోయేది మీకు నచ్చదు. ఈ ఆగస్టుకి మేం కెర్‌వోర్ రావడం లేదు. ఆ మాట చెబుదామనే ఫోన్ చేశాను. మీరు ఎత్తలేదు.

పోయినేటి సంగతి మీరు మర్చిపోయారు. నేను మర్చిపోలేదు. ఉత్తరమైతే చివరిదాకా చదవాలన్నారు కదా, చదవండి. ఆ రోజు నేనూ నోల్వెన్ నీళ్ళు వెనక్కి తగ్గిన ఇసుక మీద నడుచుకుంటూ మేకల దీవికి బయలుదేరాం. మీరు గుమ్మంలో నిలబడి మమ్మల్ని చూశారు. "భోజనానికి ఆలస్యం చెయ్యకండే" అన్నారు. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. పిల్ల గవ్వలు ఏరుకుంటోంది, ఆకలి లేదంది, సరే ఇంకాసేపు కూర్చుందాం అనుకున్నాను. నేను పుట్టిన ఊళ్ళో సముద్రం పొద్దున ఎక్కడుంటుందో సాయంత్రమూ అక్కడే ఉంటుంది. మీ నీళ్ళు వెళ్ళి వస్తాయని చూశాను గానీ, ఏ రోజు ఏ వేళకి వస్తాయో నాకెవరూ చెప్పలేదు. తిరిగి చూసేసరికి మేం నడిచొచ్చిన దారి లేదు. పిల్లని భుజాల మీద ఎక్కించుకుని దిగితే నీళ్ళు నా రొమ్ముదాకా వచ్చాయి. కాళ్ళ కింద ఇసుక లాగేస్తోంది. ఒకసారి కాలు తప్పి ఇద్దరం మునిగాం. ఆల్చిప్పలు పెంచే జోబ్ పడవ వేసుకుని రాకపోతే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను.

రేవులో సగం ఊరు నిలబడి ఉంది. మీరు నా చేతుల్లోంచి పిల్లని లాక్కుని అన్నారు: "దీనికి బిడ్డనిచ్చిన దేవుడు కాస్త బుద్ధి కూడా ఇచ్చి ఉండాల్సింది." అందరూ విన్నారు. నోల్వెన్ కూడా విన్నది. మర్నాడు రొట్టెల కొట్లో నేను అడుగుపెట్టగానే మాటలు ఆగిపోయాయి.

అందుకని ఈసారి మీ సముద్రమూ వద్దు, నా సముద్రమూ వద్దు. వంటింటి గోడకి పెద్ద దేశపటం తగిలించాను. లాండ్ తీరం ఉంది, ఇసుక పొడుగునా పైన్ చెట్లు. వాందే వైపు దీవులున్నాయి. ఉత్తరాన బెల్జియం దగ్గర కూడా మంచి ఊళ్ళున్నాయంటున్నారు. వీటిలో ఏది బాగుంటుందో మీరే చెప్పండి, ఇల్లు మాట్లాడతాను. మీరూ మాతోపాటు రండి. ఎర్వాన్‌ని అడిగితే "నీ ఇష్టం ఎలా ఉంటే అలా" అని రాశాడు.

మీ మోకాలికి కర్పూరం నూనె రాస్తున్నారా?

మీ కోడలు,
ఎస్తెల్


కెర్‌వోర్,
27 మార్చి 1988

ఎస్తెల్‌కి,

నీ ఉత్తరం చివరిదాకా చదివాను. మళ్ళీ చదివాను. రెండోసారి ఇంకా ఎక్కువ కోపం వచ్చింది.

భోజనానికి ఆలస్యం చెయ్యొద్దన్నానా లేదా? ఆ రోజు పోటు మధ్యాహ్నానికల్లా వచ్చేస్తుందని ఊళ్ళో కుక్కలకి కూడా తెలుసు. కెర్‌వోర్‌లో భోజనానికి రమ్మంటే పోటు రాకముందే ఒడ్డెక్కమని. వెళ్ళిన నీళ్ళు వెనక్కి వస్తాయని కూడా నోరు తెరిచి చెప్పాలా? సాయంత్రమైతే చీకటి పడుతుందని నీకెవరైనా చెప్పారా? నీకు తెలియదని నాకెలా తెలుస్తుంది? తెలియకపోతే అడగాలి.

నేనన్న మాట అంటావా, భయంలో అన్నాను. పిల్ల జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి, పెదాలు నీలంగా ఉన్నాయి. ఆ క్షణంలో ఎదురుగా బిషప్పుగారున్నా అదే అనేదాన్ని. దాన్ని నువ్వు ఇన్నాళ్ళు మోస్తూ తిరుగుతున్నావంటే అది నా తప్పు కాదు.

ఇక నీ పటం సంగతి. లాండ్‌లో అలలు మనిషిని ఎత్తి కుదేస్తాయి, పిల్లని ఎక్కడ దింపుతావు? వాందేలో ఆగస్టు నెలలో తువ్వాలు పరచాలంటే పక్కవాడి కాళ్ళు జరపాలి. ఉత్తరాన స్వెట్టర్ వేసుకుని స్నానం చెయ్యాలి. మీ దక్షిణం సముద్రం గురించి నువ్వు అడగలేదు, అయినా చెబుతాను. కదలదు, మెదలదు, ఓ వాసనా రాదు. అలాంటి నీళ్ళే కావాలంటే ఇంట్లో స్నానాల తొట్టి నింపుకోండి, రైలు ఖర్చు కలిసొస్తుంది.

ఎర్వాన్ నాకేం రాశాడో కూడా చదువుకో: "నువ్వెలా అంటే అలానే అమ్మా."

నా సంగతి కూడా కాస్త ఆలోచించు. నాకున్నది ఒక్క కొడుకు, వాడు ఎప్పుడూ నీళ్ళ మీదే. ఒక్క మనవరాలు, అది ఆగస్టులో తప్ప నా కంటికి కనిపించదు. ఆ నెల కూడా నువ్వు తీసేసుకుంటే నాకింకేం మిగులుతుంది? కెర్‌వోర్ కాకపోతే నేను ఎక్కడికీ రాను.

అనాయిగ్


లియోన్,
12 ఏప్రిల్ 1988

అత్తయ్యగారికి నమస్కారాలు.

మీ అబ్బాయి ఇద్దరికీ ఔననే రాశాడన్నమాట. ఓడ దిగనివ్వండి, చెబుతాను.

మీ ఉత్తరం చదివాక చాలా రోజులు జవాబు రాయలేదు. కోపం వల్ల కొంత. మిగతాది ఎందుకంటే, మీ దగ్గర ఒక సంగతి దాచి ఉంచి మీతో పోట్లాడటం న్యాయం కాదనిపించింది. అది ఇప్పుడు చెబుతున్నాను.

నోల్వెన్ ఆ రోజు నుంచి నీళ్ళలోకి దిగడం లేదు. సముద్రం సంగతి కాదు, తొట్టిలో నీళ్ళు మోకాలు దాటితే అరుస్తుంది. తలస్నానం అంటే ఇంట్లో యుద్ధం. బడిలో ఈత కొలనుకి తీసుకెళ్తే గోడకి అతుక్కుని నిలబడుతుందట. పోయిన వారం వాన పడి వీధిలో నీళ్ళు నిలిచాయి. దాటబోతూ నా చెయ్యి గట్టిగా పట్టుకుని వెనక్కి చూసి, "అమ్మా, దారి ఉందా?" అంది. అక్కడే నిలబడి ఏడ్చేశాను. చూసినవాళ్ళు ఏమనుకున్నారో తెలియదు.

అలాంటి పిల్లని మళ్ళీ పోటొచ్చే ఒడ్డుకి తీసుకురాలేను అత్తయ్యా. లాండ్ అయినా వాందే అయినా అదే సముద్రమని నాకే ఆలస్యంగా వెలిగింది. మీరు వెక్కిరించారు చూడండి, కదలని నీళ్ళని, దానికి ఇప్పుడు కావాల్సింది అవే. మా నోరీన్ పిన్నికి మా దక్షిణాన పోర్ ఎగ్యేర్‌లో సముద్రం పక్కనే చిన్న ఇల్లుంది. రెండు కొండల మధ్య గుప్పెడంత ఒడ్డు, ఊరివాళ్ళు తప్ప ఎవరూ రారు. పిన్నికి మాటిచ్చేశాను. ఆగస్టు మొదటి రోజు నుంచి అక్కడే ఉంటాం.

మీరు రండి. మీకు కింది గది ఇస్తాం, మెట్లెక్కే పని ఉండదు. నోల్వెన్ రోజూ అడుగుతోంది, నాయనమ్మ వస్తుందా అని. నేను అడిగిస్తున్నానని మాత్రం అనుకోకండి.

ఎస్తెల్


కెర్‌వోర్,
20 ఏప్రిల్ 1988

ఎస్తెల్‌కి,

పిల్ల సంగతి ఇన్ని నెలలు నాకెందుకు చెప్పలేదు? వల అల్లుతున్నానని రాశాను, పిడి పొడుగు పెట్టానని రాశాను. నువ్వు చదివి ఊరుకున్నావు. నేను ఇక్కడ అది రొయ్యలు పడుతున్నట్టు ఊహించుకుంటుంటే అది అక్కడ గోడ పట్టుకుని నిలబడుతోంది. ఈ ముక్క ముందే రాసి ఉంటే నా ఉత్తరం అలా ఉండేది కాదు.

నేను రాను. నా వయసులో కొత్త సముద్రాలు నేర్చుకోలేను. మీ పిన్నికీ మీ ఊరివాళ్ళకీ మధ్య ఓ మూల కూర్చుని ఏం చెయ్యాలి? పిల్ల నెమ్మదిస్తే సెప్టెంబరులో ఓ ఫొటో పంపు, చాలు.

అనాయిగ్

ఆ ఊళ్ళో ఉప్పు వెన్న దొరుకుతుందా? ఊరికే అడుగుతున్నాను.


లియోన్,
8 మే 1988

అత్తయ్యగారికి నమస్కారాలు.

దొరకదు. మీరే తెచ్చుకోవాలి. రైల్లో కరిగిపోకుండా తడిగుడ్డ చుట్టి తెచ్చుకోండి.

మీరు వస్తున్నారని నోల్వెన్‌కి చెప్పేశాను. ఇక మీరు రానంటే దానికి మీరే సమాధానం చెప్పుకోవాలి. అన్యాయమే, తెలుసు. కానీ ఆ మాట చెప్పగానే అది బల్ల ఎక్కి గెంతింది. ఎన్నాళ్ళయిందో దాన్ని అలా చూసి.

కావాల్సినవి రాస్తున్నాను. గట్టి టోపీ ఒకటి తెచ్చుకోండి, మీ చలి ఊరి తెల్లటి చర్మానికి మా ఎండ ఒక్క పూటలో పని చెబుతుంది. మధ్యాహ్నం కిటికీ రెక్కలు మూసేసి అందరూ కునుకు తీస్తారు. ఆ టైములో బయట తిరిగితే పిచ్చివాళ్ళనుకుంటారు. ఇలకోళ్ళ రొద మొదటి రెండు రోజులు భరించలేరు, తర్వాత అది ఆగితే నిద్ర పట్టదు. నోరీన్ పిన్ని కూడా అంతే. ఆవిడ మాట్లాడుతూనే ఉంటుంది, మీరు జవాబివ్వక్కర్లేదు. నీళ్ళలో రాళ్ళకి ముళ్ళకాయలు, ఒళ్ళంతా ముళ్ళుండే గుండ్రటి జీవులు, అంటుకుని ఉంటాయి, అరికాల్లో దిగితే వారం రోజులు కుంటాలి. రబ్బరు చెప్పులు లేకుండా దిగకండి.

అంతే, ఇంకేం జాగ్రత్తలు లేవు. మా సముద్రం మంచిది, దాని దగ్గర భయపడాల్సిందేం లేదు.

ఎర్వాన్ మొంబాసా నుంచి కార్డు రాశాడు. అక్కడ కూడా వానేనట.

మీ కోడలు,
ఎస్తెల్


కెర్‌వోర్,
12 జూన్ 1988

ఎస్తెల్‌కి దీవెనలు.

టికెట్ తీసుకున్నాను. మారివోన్ "నువ్వు, దక్షిణానికా!" అని ఊరంతా చాటింది. పోస్టుమాన్ కూడా టోపీ కొనుక్కోమన్నాడు. నా బతుక్కి ఇదొక్కటే తక్కువైంది.

కింది గది సంగతి. నేను మెట్లెక్కలేనని నీకెవరు చెప్పారు? మోకాలు సతాయిస్తుందన్నాను, విరిగిందనలేదు. ముసలావిడని కింద ఓ మూల పడేద్దామని మీరూ మీ పిన్నీ అనుకుంటే ఇప్పుడే చెప్పు, టికెట్ వాపసు ఇచ్చేస్తాను.

ఇంకో మాట, ఇది జాగ్రత్తగా చదువు. నేను వస్తే పొద్దుటి పూట పిల్లని నాకొదిలెయ్యాలి. అక్కడ నేనూ అదీ మాత్రమే ఉండాలి. నువ్వు పక్కన నిలబడి నేను చేసే ప్రతి పనినీ కనిపెట్టి చూస్తుంటే అది నీ మొహమే చూస్తుంది, నీ మొహంలో భయం చూసి అదీ భయపడుతుంది. నేను దాన్ని నీళ్ళకి అలవాటు చేస్తాను. ఎర్వాన్‌ని పెంచింది నేనే. దీనికి నువ్వు ఒప్పుకోకపోతే అక్కడికి వచ్చి నేను చేసేది ఏమీ లేదు.

నోల్వెన్‌కి ముద్దులు.

అత్తయ్య


లియోన్,
29 జూన్ 1988

అత్తయ్యగారికి నమస్కారాలు.

కింది గది పిన్ని గది. ఆ ఇంట్లో చల్లగా ఉండేది అదొక్కటే. తలుపు తీస్తే ఎదురుగా నీళ్ళే. మీ కోసం పిన్ని అందులోంచి తన మంచం పైకి ఎక్కించుకుంది. మీరు రాసింది ఆవిడకి చదివి వినిపించలేదు, సంతోషించండి.

రెండో మాటకి జవాబు రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది. మొదట చదివినప్పుడు నా బిడ్డని నా దగ్గర్నుంచి విడదీయాలనుకుంటున్నారనిపించింది. ఎర్వాన్‌ని పెంచింది మీరేనని రాశారు, అంటే నోల్వెన్‌ని పెంచడం నాకు చేతకాదనే కదా? కాగితం చించి మళ్ళీ మొదలుపెట్టాను. కానీ ఒక మాట నిజం. కొలను దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు అది నీళ్ళని చూడదు, నన్నే చూస్తుంది.

సరే. నేను పొద్దున సంతకి వెళ్తాను. వచ్చేదాకా పిల్ల మీది. బలవంతంగా మాత్రం దింపకండి. దానంతట అది అడిగితేనే. ఈ ఒక్కటీ మీరు మాటివ్వాలి. ఇవ్వకపోయినా ఇచ్చారనే అనుకుంటాను, ఎందుకంటే జవాబు వచ్చేసరికి మేం సామాన్లు సర్దుకుంటూ ఉంటాం.

నాకు భయంగానే ఉంది అత్తయ్యా. అది కూడా రాసేస్తున్నాను.

ఎస్తెల్


కెర్‌వోర్,
18 ఆగస్టు 1988

ఎస్తెల్,

రైళ్ళు మారి ఇల్లు చేరాను. వెళ్ళిపోతున్నానని బల్ల మీద చీటీ పెట్టాను, చూసే ఉంటావు. ఎర్వాన్ వచ్చేలోపే వెళ్ళిపోవాలనుకున్నాను, వాడి మొహం చూసే ధైర్యం లేక. వాడికి ఏం చెప్పావో తెలియదు. ఆ ఒడ్డున ఏం జరిగిందో నేనే రాస్తున్నాను. వాడికి చదివి వినిపించు.

నువ్వు సంతకి వెళ్ళావు. సముద్రం నూనె పోసినట్టు ఉంది. అంతకుముందు రోజుల్లో చిన్న చిన్న అలలైనా ఉండేవి, ఆ పొద్దున అవీ లేవు. గాలి ఉంది, కానీ వెనక కొండల వైపు నుంచి. మా దగ్గర చెడు ఎప్పుడూ సముద్రం వైపు నుంచే వస్తుంది. నేల మీదుగా గాలి వీస్తే మేం బట్టలు ఆరేసుకుంటాం. ఇంత మంచి రోజు మళ్ళీ దొరకదనుకున్నాను. ఒడ్డున మేమిద్దరం తప్ప ఒక్క మనిషి కూడా ఎందుకు లేడో ఆలోచించలేదు.

నేను దాన్ని బలవంతపెట్టలేదు. అన్ని రోజులూ అంచున కూర్చుని పాదాలు తడుపుకున్నాం, అంతే. ఆ రోజు అదే అడిగింది. ఎదురింటి పిల్లల రబ్బరు పడవ ఒడ్డున ఉంది. "అందులో కూర్చుంటా నాయనమ్మా, నువ్వు తాడు పట్టుకుంటావా?" అంది. కూర్చుంది. నవ్వింది. ఎస్తెల్, అది నీళ్ళ మీద కూర్చుని నవ్వింది. "ఇంకొంచెం, నాయనమ్మా, ఇంకొంచెం" అంది. నేను తాడు వదులుతూ పోయాను. నాకు మోకాళ్ళ దాకా కూడా లేవు నీళ్ళు. అప్పుడు గాలి ఒక్క విసురు విసిరింది. తాడు తడిసి ఉంది, చేతిలోంచి జారింది. ముందు చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉంది. చాపేసరికి అందలేదు.

నాకు ఈత రాదు. ఈ మాట నీకెప్పుడూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. మా ఇంట్లో ఎవరికీ రాదు. మా నాన్న చేపల పడవ మీదే బతికాడు, ఆయనకీ రాదు. మా ఊళ్ళో ఈదడానికని నీళ్ళలో దిగేది వేసవికి వచ్చేవాళ్ళే. నేను మెడదాకా దిగి నిలబడి పిల్ల పేరు పెట్టి అరుస్తున్నాను. అది నా వైపు చేతులు చాపుతోంది. పడవ చిన్నదైపోతోంది. అంతలో నువ్వు వచ్చావు. సంచీ పారేసి, వేసుకున్న బట్టలతోనే దూకావు. నువ్వు దాన్ని పట్టుకుని వెనక్కి వచ్చేదాకా నేను బతికున్నానో లేదో నాకు తెలియదు.

ఒడ్డెక్కాక పిల్లని గుండెకి హత్తుకుని నా ముందు నుంచే నడిచి వెళ్ళిపోయావు. ఒక్క మాట అనలేదు. భోజనాల దగ్గర రొట్టె అందించావు, అప్పుడూ అనలేదు. నువ్వు తిట్టి ఉంటే నేను ఉండిపోయేదాన్ని. మాట్లాడకపోవడానికి అర్థం నాకు తెలుసు. ఇక పిల్లని నా చేతికివ్వవు. ఇవ్వకు. నీ చోట నేనున్నా ఇవ్వను. కెర్‌వోర్ రమ్మని ఇక ఎప్పుడూ రాయను.

అనాయిగ్


పోర్ ఎగ్యేర్,
22 ఆగస్టు 1988

అత్తయ్యా,

మీ ఉత్తరం ఎర్వాన్‌కి చదివి వినిపించాను.  విని, "మీ ఇద్దరికన్నా నా ఇంజన్ నయం, పాడైతే చప్పుడైనా చేస్తుంది" అన్నాడు.

నేను ఎందుకు మాట్లాడలేదో వినండి. ఆ రోజు నా నోట్లో ఒక మాట సిద్ధంగా ఉంది. ఏడాదిగా సిద్ధంగా ఉంది. రేవులో మీరు నన్నన్న మాటే, ఒక్క ముక్క మార్చకుండా. పిల్ల నా మెడ పట్టుకుని ఉంది, అరుపులు విని పిన్ని పరుగెత్తుకొచ్చింది, చేపలవాళ్ళు వచ్చారు. నోరు తెరిస్తే అదే వస్తుందని పళ్ళు బిగించుకుని నడిచాను. అది మీ మీద కోపం కాదని అబద్ధం చెప్పను, కోపమే. సాయంత్రానికి తగ్గింది.  రేపు మాట్లాడదాం అనుకున్నాను. పొద్దున లేచి చూస్తే మీరు లేరు.

ఇంకొకటి. మిస్ట్రాల్ వీచే రోజు ఇక్కడ ఎవరూ పిల్లల్ని నీళ్ళ దగ్గరికి పంపరు. ఉత్తరం నుంచి కొండలు దాటి వచ్చే గాలి అది. కొండ చాటున ఒడ్డు దగ్గర నీళ్ళు కదలవు, కాస్త అవతలికి వెళ్తే ఏది దొరికితే అది లాక్కుపోతుంది. ఆ పొద్దున ఒడ్డు ఖాళీగా ఉన్నది అందుకే. ఇంట్లోంచి బయలుదేరినప్పుడు గాలి నా మొహానికి తగిలింది, ఇవాళ ఎలాగూ దిగరులే అనుకుని వెళ్ళాను. టోపీ గురించి రాశాను, ముళ్ళకాయల గురించి రాశాను, మా సముద్రం మంచిదని కూడా రాశాను. గాలి గురించి రాయలేదు. అది చెప్పాలని తోచనే లేదు. ఇక్కడ కుక్కలకి కూడా తెలుసు.

పిల్లని మీకివ్వనని నేను ఎప్పుడూ అనుకోలేదు. ఇప్పుడు పిల్ల సంగతి. అది నీళ్ళ దగ్గరికి రావడం లేదు. భయమో కాదో నాకు తెలియదు, మీ గది గుమ్మంలో కూర్చుంటోంది. నిన్న నన్ను అడిగింది: "నేను ఇంకొంచెం, ఇంకొంచెం అన్నందుకేనా నాయనమ్మ వెళ్ళిపోయింది?" కాదన్నాను. "మరెందుకు వెళ్ళింది?" అంది.  దానికి జవాబు మీరే చెప్పండి. ఉత్తరంలో వద్దు. నేను చదివి వినిపిస్తే అవి నా మాటలే అంటుంది.

మేం నెలాఖరు దాకా ఇక్కడే ఉంటాం. మీ గదిలో ఎవరినీ పడుకోనివ్వలేదు.

ఎస్తెల్


కెర్‌వోర్,
25 ఆగస్టు 1988

ఎస్తెల్‌కి దీవెనలు.

వస్తున్నాను. శనివారం సాయంత్రం బండికి దిగుతాను. ఈ ఉత్తరం నాకంటే వెనకబడితే చదవకు, నా చేతికిచ్చెయ్యి.

వెళ్ళింది దానివల్ల కాదని, నేను పిరికిదాన్ని కాబట్టి వెళ్ళానని పిల్లకి నా నోటితో నేనే చెబుతాను. నీళ్ళ దగ్గరికి నేను దాన్ని తీసుకెళ్ళలేను, ఇప్పుడు నాకూ భయమే. ఇద్దరికీ నువ్వే నేర్పు. ఈ వయసులో ముసలావిడ మడమలు కొట్టుకుంటుంటే మీ పిన్ని నవ్వుతుంది, నవ్వనీ. గాలి ఎటు వీస్తే ఏమవుతుందో కూడా చెప్పు, నాకు తెలిసే ఉంటుందనుకోకు. నేనూ పోటు సంగతి అక్షరాలు నేర్పినట్టు మొదట్నుంచీ చెబుతాను. వచ్చే ఏడు ఎక్కడికన్నది మాత్రం ఇప్పుడే తేల్చొద్దు. దాని గురించి పోట్లాడుకోవడానికి చలికాలమంతా ఉంది.

ఇంకో పని మిగిలింది. నిరుడు రేవులో నేనన్న మాట. అది నలుగురి ముందూ అన్నాను, నీ చెవిలో గుట్టుగా వెనక్కి తీసుకుంటే తీసుకున్నట్టు కాదు. నిన్న పడవలు వచ్చే టైముకి రేవుకి వెళ్ళాను. మారివోన్ ఉంది, జోబ్ ఉన్నాడు, రొట్టెల కొట్టావిడని కూడా పిలిపించాను. "నా కోడలికి పోటు సంగతి నేను చెప్పలేదు, తప్పు నాది. తను చేసిన పొరపాటే నేను వాళ్ళ ఊళ్ళో చేస్తే ఆ పిల్ల ఈదుకుంటూ వెళ్ళి నా మనవరాలిని తెచ్చింది, నన్ను ఒక్క మాట కూడా అనలేదు. బుద్ధి లేనిది నాకు" అన్నాను. జోబ్ టోపీ తీసి తల గోక్కున్నాడు. మారివోన్ ఏడ్చింది, అది దేనికైనా ఏడుస్తుంది. కొట్టావిడ, నేను ఇంటికి వెళ్తుంటే, రొట్టె ఒకటి చేతిలో పెట్టింది.

ఆ మాట విన్నవాళ్ళందరికీ చెప్పాను, ఒక్కరికి తప్ప. స్టేషన్‌కి నువ్వొక్కదానివే రావద్దు. నోల్వెన్‌ని తీసుకురా.

అత్తయ్య,
అనాయిగ్